జత బరువు

యార్డులో అందరూ ఆమెను కాటా అక్క అనేవారు. అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎక్కడా వినబడేది కాదు. గేటు దాటగానే నేలకు సమానంగా పరిచిన పొడవాటి ఇనుప పలక, అదే కాటా. దాని పక్కన గాజు కిటికీ ఉన్న చిన్న గది. గదిలో ఒక కుర్చీ, అంకెలు ఎర్రగా వెలిగే మీటరు, బయటివాళ్ళకు వినబడేలా మాట్లాడటానికి ఒక మైకు, అద్దం కట్టించి గోడకు తగిలించిన అనుమతి పత్రం. ఓడెక్కబోయే ఏ కంటైనరైనా ముందు లారీ మీద ఈ పలక ఎక్కి, తానెంత బరువో చెప్పుకుని వెళ్ళాలి. చెప్పించేది ఆమె.

ఓ పదేళ్ళ క్రితం వరకు ఈ తద్దినమేమీ లేదు. సరుకు పంపేవాళ్ళు కాగితం మీద ఏది రాస్తే అదే బరువు. పెళ్ళి సంబంధాల్లో వయసు చెప్పినట్టు చెప్పేవాళ్ళు. ఆ మాట నమ్మి ఓడలో ఒకదాని మీద ఒకటి పేరిస్తే, బరువైనవి పైకి, తేలికవి అడుక్కి చేరి, గాలి కాస్త ఎక్కువైన రోజున నడిసముద్రంలో వరసలకు వరసలే కూలేవి. కూలినప్పుడు వాటి కింద ఉండేది ఓడ మీద పనిచేసే ఖలాసీ. కాగితం రాసినవాడు ఎప్పుడూ అక్కడ ఉండడు. చివరికి నిబంధన వచ్చింది. తూచి, ఇంత బరువుందని బాధ్యత తీసుకుని చెప్పందే ఏ కంటైనరూ ఓడెక్కడానికి వీల్లేదు.

నిబంధనతో పాటు యార్డుకు కాటా వచ్చింది, కాటాతో పాటు ఆమె వచ్చింది. యార్డు ఇన్‌చార్జి ఆమెకు స్వయానా మేనమామ. “అంకెలంటే భయం లేదు, అబద్ధమంటే భయం. ఇంతకన్నా ఏం కావాలి?” అని యజమానిని ఒప్పించి ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు.

మామయ్య మాట ఆమె నిలబెట్టింది. వానొస్తే పలక మీద నిలిచిన నీళ్ళు ఊడ్పించేది. డ్రైవరు దిగాలి, క్లీనరు దిగాలి, వాళ్ళ దుప్పట్ల మూటా దిగాలి. లారీ నీడలో కుక్క పడుకుంటే దాన్నీ లేపించేది.

“కుక్కెంత బరువుంటుందక్కా, మరీ చోద్యం కాకపోతే!” అని డ్రైవర్లు విసుక్కునేవాళ్ళు.

“అది ఓడెక్కదు కదా. దాని బరువెందుకు ఎక్కాలి?” అనేది మైకులో. యార్డంతా వినబడేది. కుక్క కూడా విన్నట్టే లేచిపోయేది.

ఇంత చాదస్తపు మనిషి ఒక్కచోట మాత్రం కళ్ళు మూసుకునేది. ఆ సంగతికి ముందు బక్కోడి గురించి చెప్పాలి.

బక్కోడు ఆమె మరిది. ఆమె కాపురానికి వచ్చేసరికే అత్తగారు లేదు. కొత్త కోడలి చేతికి ఇంటి తాళాలకన్నా ముందు ఆ పిల్లాడి చొక్కా గుండీలు వచ్చాయి. తనకు పిల్లలు తర్వాత పుట్టారు గానీ పెంపకం వాడితోనే మొదలైంది. అన్నం కలిపి పెట్టినా, వీపు మీద ఒక్కటిచ్చినా వదినే. బస్సు కండక్టరైన అన్న చీకటితో పోయి చీకటితో వచ్చేవాడు. “వీడు నా తమ్ముడన్నమాటే గానీ, నీ ఆస్తి. నాకు చూపించి నువ్వే దాచుకో” అనేవాడు నవ్వుతూ.

బడి లేని రోజున బక్కోడు వదినకు అన్నం డబ్బా పట్టుకుని యార్డుకు వచ్చేవాడు. లారీలు లేని సమయం చూసి పలక మధ్యలో నిలబడేవాడు. ఆ మీటరు ఇరవయ్యేసి కిలోల చొప్పున కదులుతుంది, అంతకన్నా చిన్న లెక్క దానికి రాదు. వాడు నిలబడితే ఇరవై అనాలో నలభై అనాలో తేల్చుకోలేక మిణుకుమిణుకుమనేది.

“కాటాకే అర్థం కావట్లేదురా నువ్వున్నావో లేవో! తిను, కాస్త తిని చావు!” అని ఆమె మైకులో అరిచేది. డ్రైవర్లంతా విరగబడి నవ్వేవాళ్ళు. ఆ నవ్వుల్లోనే వాడికి బక్కోడన్న పేరు స్థిరపడింది. తర్వాత ఎముక ముదిరి, భుజాలు విచ్చి, గుమ్మంలో ఒదిగి నడిచేంత మనిషయ్యాడు. పేరు మాత్రం ఒళ్ళు చెయ్యలేదు.

ఆ బక్కోడు ఖలాసీ అయ్యాడు. ఈ రేవులో కంటైనర్లు ఎక్కించుకుని, పెద్ద ఓడలు ఆగే పెద్ద రేవుకు చేరవేసి వచ్చే చిన్న ఓడ ఒకటుంది. దాని మీద పని. వెళ్ళేవాడు, నాలుగు రోజులకో వారానికో వచ్చేవాడు, మళ్ళీ వెళ్ళేవాడు. ఓడ నడుస్తుండగా వాడు చేసే పని ఒకటే. కంటైనర్ల వరసల మధ్య ఒక మనిషి ఒరుసుకుంటూ పట్టే సందు ఉంటుంది. ఆ సందుల్లో తిరుగుతూ, వరసల్ని కదలకుండా పట్టి ఉంచే ఇనుప కడ్డీలు వదులయ్యాయేమో చూసి, అయినవాటిని బిగించాలి.

“అటూ ఇటూ మేడలున్న సందులో నడిచినట్టే ఉంటుంది వదినా,” అన్నాడు ఒకసారి అన్నం తింటూ. “కాకపోతే మన వీధిలో మేడలు ఊగవు.”

ఆమె చేతిలో గరిట ఆగింది.

“అట్లా చూడకు. నాకేం భయం లేదు. మీ యార్డు పెట్టెల మీద ఆకుపచ్చ చీటీ అంటిస్తారుగా, బరువు వేసి? అది కనబడితే మావాళ్ళకి చెప్తా, ‘ఇది మా వదిన తూచిందిరా, దీని కింద చాపేసుకుని పడుకోవచ్చు’ అని. చేత్తో తట్టి మరీ చెప్తా.”

“నీ మొహం! పడుకోడానికి నీకింకో చోటే దొరకలేదా?” అని కసిరింది. ఆ మాట మాత్రం కొంగున కట్టుకున్నట్టు దాచుకుంది. యార్డులో డ్రైవర్లతో వాదన పెట్టుకుని అలిసిపోయిన రోజున, ఎక్కడో నీళ్ళ మధ్య తన మరిది చెయ్యి ఒక ఇనుప పెట్టెను తడుతోందని తలుచుకుంటే ఒంట్లోకి సత్తువ వచ్చేది.

ఇక ఆమె కళ్ళు మూసుకునే చోటు. లారీ మీద పెద్ద కంటైనరు ఒకటే ఉంటే తూకం తేలిక. మొత్తంలోంచి లారీ ఖాళీ బరువు తీసేస్తే మిగిలేది కంటైనరు బరువు. చిన్న కంటైనర్లు మాత్రం ఒకే లారీ మీద ముందొకటి వెనకొకటిగా రెండు వస్తాయి. దాన్ని యార్డులో జత అంటారు. జతను సరిగ్గా తూచాలంటే మొదట రెండూ కలిపి తూచాలి, ఒకదాన్ని దించి మళ్ళీ తూచాలి. కంటైనర్లను ఎత్తి దించే బండి యార్డు మొత్తానికి ఒక్కటే. అది ఎప్పుడూ ఆ చివరనే ఉంటుంది. పిలిస్తే వచ్చేలోపు వెనక లారీలు రోడ్డు దాకా నిలబడి హారన్లు మోగిస్తాయి.

మొదట్లో ఆమె దింపించే తూచేది. ఒకరోజు రద్దీలో మామయ్య కిటికీ దగ్గరికొచ్చి, “రెండూ ఒకే ఫ్యాక్టరీవి, ఒకే సరుకు, ఒకేలా నింపుతారు. సగం చేసి రెంటికీ ఇచ్చెయ్ అమ్మాయ్” అన్నాడు. ఆమె చేసింది. ఆ రోజు చేసినందుకు ఏమీ కాలేదు. ఏమీ కాని పని ఎంత తొందరగా పద్ధతి అయిపోతుందో అంత తొందరగా ఏ మంచి పనీ కాదు. తర్వాత జత వస్తే దించే బండి సంగతి ఎవరూ ఎత్తలేదు. కుక్క బరువు ఒప్పుకోని మనిషి, రెండు కంటైనర్లను ఎన్నడూ విడదీసి చూడకుండా చెరి సగం రాసి పంపేది. అందులో తప్పుందని ఆమెకు తోచలేదు. మొత్తం సరిపోయింది కదా. సమానంగా పంచడంలో అన్యాయం ఉంటుందని ఎవరికి తోస్తుంది?

ఆ పద్ధతి బయటపడింది ఒక డ్రైవరు సోది వల్ల. ఆ డ్రైవరును అందరూ సోది అనే పిలిచేవాళ్ళు. టీ గ్లాసు చేతికిస్తే, అది ఖాళీ అయ్యాక కూడా మాటలు అయ్యేవి కావు. ఆ రోజు పొద్దున టైల్సు ఫ్యాక్టరీ నుంచి జత తెచ్చాడు. ఆమె తూచింది, సగం చేసింది, ఒక్కోటి ఇరవై ఒక్క టన్నులని రాసి, చీటీలు అంటించి రేవుకు పంపింది. వాడు వాటిని దించేసి మధ్యాహ్నం ఖాళీ లారీతో తిరిగొచ్చి, కిటికీ అంచున గ్లాసు పెట్టుకుని మొదలుపెట్టాడు.

“ఇవాళ నా బండి గుర్రమైపోయిందక్కా.”

“ఏం, గడ్డి వేశావా?”

“నవ్వుతావేంటి! రేవు ముందు వంతెన ఉందా? దానెక్కుతుంటే ముందు కాళ్ళు లేపేసింది. స్టీరింగు తిప్పితే చేతికి బరువే తెలీదు, ఉత్త గాలిని తిప్పినట్టుంది. వెనకెవడో తోక పట్టుకుని లాగుతున్నాడా అనుకున్నా.”

“పొద్దున్నే ఏం తాగి ఎక్కావో!”

“నీ చేతి టీ తప్ప ఇంకేం తాగలేదు. అందులో ఏం కలిపావో నువ్వే చెప్పాలి.”

ఆమె నవ్వి, వాడి గ్లాసు తీసుకుని కుళాయి కింద పెట్టింది. గ్లాసు నిండి నీళ్ళు చేతి మీదుగా పొర్లుతున్నాయి. ఆమె అలాగే నిలబడిపోయింది.

రెండూ సమానమైతే లారీ ముందు తేలదు. వెనకదే బాగా బరువై ఉండాలి.

ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది. సరుకు పంపే గుమాస్తా తాపీగా చెప్పాడు. “ఒకదాన్లో నేల టైల్సు. రెండోదాన్లో కుళాయిలూ, ప్లాస్టిక్ పైపులూ. ఈ నెల నుంచే మొదలెట్టాం మేడమ్. తీసుకునేవాళ్ళు ఒకరే కదా అని రెంటికీ ఒకే కాగితం పెట్టాం. ఏం, తూకం తక్కువొచ్చిందా?”

తూకం తక్కువ రాలేదు. ఎక్కువా రాలేదు. రేవులో ఆ మధ్యాహ్నం సరుకు ఎక్కించుకుంటున్నది బక్కోడి ఓడ. పొద్దు వాలేలోపు బయల్దేరుతుంది. పొద్దున వాడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, “ఈసారి గాలెక్కువట వదినా, కడ్డీలతోనే సరిపోతుంది” అని చెప్పి వెళ్ళాడు. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఓడ మీద పనిలో ఉంటే ఫోన్లు గదిలో వదిలెయ్యాలి.

ఇన్‌చార్జి గదికి పరుగెత్తింది. మామయ్య అంతా విని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“మొత్తం బరువు తప్పు కాదు కదా అమ్మాయ్. ఆ రెండూ ఎక్కేది ఒకే ఓడ. దానికి మోయాల్సిన బరువు మోస్తోంది. మునిగిపోదు.”

“ఓడ మునగదు మామయ్యా. దాన్నెక్కడ పెడతారో మన అంకె చూసి పెడతారు. పైన పెడితే?”

“పెట్టారని నీకెవరు చెప్పారు?”

“పెట్టలేదని నీకెవరు చెప్పారు?”

ఆయన లేచి తలుపు వేసి వచ్చాడు. అరవలేదు. అరిచినా బాగుండేదని తర్వాత ఆమె చాలాసార్లు అనుకుంది.

“సరే, వెళ్ళు. అక్కడ మీ మరిది ఉన్నాడు, నేను వద్దన్నా నువ్వాగవు. వెళ్ళి ఈ ఒక్క జత గురించే చెప్పు. ఫ్యాక్టరీవాళ్ళు సరుకు మార్చి మాకు చెప్పలేదని చెప్పు. అదేం అబద్ధం కాదు కదా? అంతకుమించి పెదవి విప్పకు తల్లీ. సగాల సంగతి బయటపడిందంటే గోడ మీది ఆ కాగితం ఉండదు. కాగితం లేకపోతే ఈ యార్డు లేదు. ఇందులో ఎంతమంది బతుకుతున్నారో నీకు తెలుసు. నిన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టిన చేతులివి. వీటిని విరగ్గొట్టకు.”

ఆమె తలూపింది.

సోది లారీలోనే రేవుకు బయల్దేరింది. వంతెన దిగేసరికి వాడికి విషయం అర్థమైంది.

“అక్కా, నేను సోది చెప్పాను గానీ సాక్ష్యం చెప్పలేదు. నా పేరెత్తకు.”

“నీకో పేరుందని అక్కడెవరికీ తెలీదులే. తొందరగా పోనీ.”

రేవు గేటు దగ్గర కాపలా మనిషి లోపలికి వదల్లేదు. తూకం తప్పు చెప్పానని, చెప్పింది నేనేనని రెండుసార్లు చెప్పాక అనుమానంగా చూసి ఎవరికో ఫోన్ చేశాడు. తప్పు నాదేనని వచ్చి నిలబడే మనిషి ఆ గేటుకు అలవాటు లేదు. చివరికి మేడ మీది గదికి పంపించారు.

ఓడలో ఏ కంటైనరు ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించేది ఆ గదిలోనే. నెరిసిన జుట్టు బిగించి ముడేసుకున్న ఒకావిడ పెద్ద తెర ముందు కూర్చుని ఉంది. తెర మీద ఓడంతా గళ్ళు గళ్ళుగా ఉంది. ఒక్కో గడిలో ఒక్కో అంకె. ఆమె తన జత నంబర్లు చెప్పింది. ఆవిడ వెతికింది. రెండు గళ్ళు వెలిగాయి. ఒకటి అడుగు వరసలో ఉంది. రెండోది అన్నిటికన్నా పైన.

“పైనది ఇప్పుడే ఎక్కింది,” అంది ఆవిడ. “లారీలో వెనకున్నది ఏది?”

కాటా అక్క వెంట తెచ్చుకున్న తూకం కాగితంలో ముందుది ఏదో వెనకది ఏదో చూసింది. “పైనదే మేడమ్.”

ఆవిడ ఆశ్చర్యం నటించలేదు, తిట్టలేదు. ఫోన్ తీసి పైనదాన్ని దింపమంది, రెంటినీ రేవు కాటా మీద విడివిడిగా తూచమంది. అక్కడి నుంచి అంకెలు వచ్చేదాకా ఆగాలి. కిటికీలోంచి ఓడ కనబడుతోంది. అంత దూరం నుంచి మనుషులు చీమల్లా ఉన్నారు. వాళ్ళలో పసుపు టోపీ పెట్టుకున్న చీమ ఏది, తన చీమ ఏదని ఆమె కళ్ళు చికిలించి వెతికింది. అందరివీ పసుపు టోపీలే.

ఫోన్ మోగింది. ఆవిడ విని పెట్టేసింది. “కిందది పదమూడు. పైకెక్కించింది ఇరవై తొమ్మిది.”

కాటా అక్క మనసులో రెండూ కూడింది. మొత్తం నలభై రెండే.

“సరుకు మార్చి మాకు చెప్పలేదు మేడమ్, ఫ్యాక్టరీవాళ్ళు,” అంది. మామయ్య నేర్పిన మాట తడబడకుండానే వచ్చింది.

ఆవిడ తల పంకించి తెర వైపు తిరిగింది. ఏదో గుర్తొచ్చినట్టు గళ్ళన్నిటి మీదా ఒకసారి వేలు నడిపించింది. “మీ యార్డు పెట్టెలు ఎప్పుడూ కవలలే. ఇక్కడ పద్దెనిమిది, పద్దెనిమిది. ఇక్కడ ఇరవై నాలుగు, ఇరవై నాలుగు. మీ దగ్గర ఫ్యాక్టరీలవాళ్ళు భలే సమానంగా నింపుతారే అనుకునేదాన్ని.” ఆమె ముఖంలోకి చూసింది. “ఈ ఒక్క జతేనా?”

మామయ్య చేతులు ఆమె కళ్ళ ముందు మెదిలాయి. చిన్నప్పుడు తనను భుజాన ఎక్కించుకుని జాతర జనంలోంచి దాటించిన చేతులు. దించే బండి నడిపే ముసలాయన, గేటు దగ్గర టీ అమ్మే మనిషి, సోది, అందరూ వరసగా మెదిలారు. ఔనంటే చాలు. ఆవిడ నమ్మడానికి సిద్ధంగానే ఉంది. మిగతా జతల్లో ఒకే సరుకు ఉండొచ్చు, అవి నిజంగానే సమానం కావొచ్చు. తనకు తెలియదు. ఎన్నడూ చూడలేదు. బక్కోడు అరచేత్తో తట్టి, చాపేసుకుని పడుకోవచ్చని చెప్పిన పెట్టెల గురించి తనకు ఏమీ తెలియదు.

“అన్నీ మేడమ్,” అంది. “జతలన్నీ సగాలే. మేం విడిగా తూచలేదు.”

ఆ సాయంత్రం ఓడ మీది నుంచి యార్డు పెట్టెలన్నీ దిగాయి. ఇంకా ఎక్కనివి ఎక్కలేదు. వాటి చోట్లు ఖాళీగా వదిలేసుకునే ఓడ కదిలింది. ఆమె రేవు గోడ దగ్గర నిలబడి అది మలుపు తిరిగేదాకా చూసింది. బక్కోడికి ఆమె అక్కడున్నట్టే తెలియదు.

మర్నాడు ఇద్దరు అధికారులు వచ్చి గోడ మీది అనుమతి పత్రాన్ని అద్దంతో సహా పట్టుకుపోయారు. గోడ మీద నలుచదరంగా తెల్లటి మచ్చ మిగిలింది. కాటా మూతపడింది. లారీలు పక్క యార్డుకు మళ్ళాయి. దించే బండి ముసలాయన బండి కిందే చాపేసుకుని పడుకునేవాడు. టీ మనిషి ఆమెను చూసి స్టవ్వు తగ్గించేవాడు. సోది కనబడినా మాట్లాడేవాడు కాదు, వాడికి అంతకన్నా శిక్ష ఉండదు. మామయ్య యార్డులో ఎదురైతే ఆకాశం వైపు చూస్తూ దాటిపోయేవాడు, ఇంటికి రావడం మానేశాడు. ఆమె రోజూ వెళ్ళి, మూసిన గదిలో, వెలగని మీటరు ముందు కూర్చునేది. రావద్దని ఎవరూ అనలేదు. రమ్మనీ అనలేదు.

ఓడ తిరిగొచ్చింది. బక్కోడు ఇంటికి రాకముందే, వాడు టీ కొట్టు దగ్గర అన్న మాట యార్డుకు చేరింది. సముద్రం ఎలా ఉందిరా అని అడిగితే, “గాలన్నారు గానీ రాలేదు. అద్దంలా ఉంది” అన్నాడట.

ఇంక చూడాలి. అద్దంలా ఉందట! దీనికోసమా యార్డు మూయించింది? ఆడదాని భయానికి ఇంతమంది పొట్ట కొట్టారు! ప్రమాదం తప్పించినవాళ్ళకు లోకం చేసే సన్మానం ఇంతే. ఏమీ జరగలేదు కదా అంటారు. జరిగి ఉంటే నాలుగు పూలదండలతో పోయేది. జరగనందువల్ల ఆమెకు జవాబు లేకుండా పోయింది.

ఆ రాత్రి అన్నాలప్పుడు ఆమె చెప్పింది. ఆ జత సంగతి వాడికి ఓడలోనే తెలిసింది, మిగతాది తెలియదు. అంతా చెప్పింది. కండక్టరు అన్న తల వంచుకుని తింటున్నాడు. బక్కోడు చెయ్యి కంచంలోనే ఆపేశాడు.

“అయితే నేనిన్నాళ్ళూ తట్టినవి?”

“నేను తూచలేదురా. సగం చేశాను.”

వాడు మిగిలింది తిని, చెయ్యి కడుక్కుని, కంచం తనే తోమి పెట్టి, అరుగు మీదకు వెళ్ళి కూర్చున్నాడు. ఎన్నడూ తోమనివాడు ఆ రోజు తోమడం ఆమెకు దెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

“ఏదైనా తిట్టరా!” అంది గుమ్మంలోంచి.

“ఏం తిట్టను వదినా? వాళ్ళందరికీ నీ పేరు చెప్పాను.” అంతే అన్నాడు.

అన్న మెల్లగా బయటికొచ్చి తమ్ముడి పక్కన కూర్చున్నాడు. “నా బస్సులో యాభై మంది పట్టే చోట వంద మందిని ఎక్కిస్తార్రా. నేనూ సర్దుకోండి సర్దుకోండి అంటూనే ఉంటా. ఒక్కరోజు కూడా దిగిపోయి, ఇది తప్పని చెప్పలేదు. మీ వదిన దిగింది.” అంత పొడుగు మాట ఆయన జీవితంలో టిక్కెట్ల గురించి తప్ప మాట్లాడి ఎరగడు. మర్నాడు బక్కోడు ఓడకు వెళ్ళిపోయాడు. తర్వాత ఎన్నిసార్లు వచ్చినా, తిండి గురించీ వాన గురించీ మాట్లాడాడు గానీ, సందుల గురించీ చీటీల గురించీ నోరెత్తలేదు.

వానాకాలం వెళ్ళాక అనుమతి తిరిగొచ్చింది, ఒక షరతుతో. జత వస్తే ఒకదాన్ని దించాల్సిందే, విడివిడిగా తూచాల్సిందే. ఆ కుర్చీలో కూర్చోవడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. మామయ్య వాచ్‌మన్ చేత తాళం పంపించాడు. “మీ మామయ్య ఇమ్మన్నారు” అన్నాడు వాచ్‌మన్. “కూర్చోమన్నారా?” అంది. “ఇమ్మన్నారు, అంతే” అన్నాడు.

ఆమె కూర్చుంది. మళ్ళీ లారీలు రోడ్డు దాకా నిలబడ్డాయి. మళ్ళీ హారన్లు. “అక్కా, మా మనవళ్ళు వచ్చి తీసుకెళ్తారా ఈ పెట్టెల్ని?” అని కేకలు. ఆమె మైకులో దించే బండిని పిలిచేది, వచ్చేదాకా పిలుస్తూనే ఉండేది. ఆ చీటీల మీద కవలలు మళ్ళీ రాలేదు. ఒకే ఫ్యాక్టరీ, ఒకే సరుకు, ఒకేలా నింపారన్న రెండింటిలో కూడా ఒకటి బరువు, ఒకటి తేలిక. ప్రతి తేడా చూసినప్పుడల్లా, వెనక్కి పిలవలేని పాత జతలు ఆమెకు గుర్తొచ్చేవి. అవి ఏ సముద్రం మీద, ఎవరి నెత్తి మీద ఊగి చేరాయో.

ఒక ఉదయం లారీలు ఇంకా రాలేదు. ఆమె మీటరు తుడుస్తోంది. అంకె కదిలింది. తలెత్తి చూస్తే, పొడవాటి ఇనుప పలక మధ్యలో, భుజాన సంచీతో బక్కోడు నిలబడి ఉన్నాడు. ఓడకు వెళ్తూ దారి మళ్ళి వచ్చాడు.

గాజు కిటికీకి ఇటు ఆమె, అటు వాడు. ఆమె చెయ్యి దానంతటదే మైకు నొక్కింది.

“సంచీ కింద పెట్టు. అది తీసేస్తే గానీ తూకం చెప్పను.”

వాడు సంచీ పలక అవతల పెట్టి వచ్చి మళ్ళీ నిలబడ్డాడు. మీటరు వందకూ ఎనభైకీ మధ్య కాసేపు ఊగి, ఎనభై దగ్గర నిలిచింది.

“ఎనభై,” అంది. ఖాళీ యార్డంతా ఆ అంకె మోగింది. ఆ చివరన దించే బండి ముసలాయన తలెత్తి చూశాడు. ఇన్‌చార్జి గది తలుపు కూడా కొంచెం తెరుచుకుంది.

బక్కోడు కిటికీ వైపు చూశాడు. చాలా నెలల తర్వాత వాడి మూతి ఒక పక్కకు వంగింది.

“చూసి చెప్పు వదినా. సగం చెయ్యకు.”

సంచీ భుజానేసుకుని రేవు వైపు నడిచాడు. ఆమె మీటరు సున్నాకు తిరిగేదాకా చూసింది. గేటు బయట మొదటి లారీ హారన్ కొట్టింది. జత.

ఆమె మైకు నొక్కి, దించే బండిని పిలిచింది.